కాలు తీయమన్న మనిషి

మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. తమిళనాడులోని ధర్మపురిలో మావాళ్లు ఎన్ని తరాలుగా ఉన్నారో ఎవరికీ లెక్క తెలియదు. బడి తమిళం, బజారు తమిళం. పొయ్యి దగ్గర, పూజ దగ్గర, తిట్టుకునేటప్పుడు మాత్రం తెలుగు. చదువొచ్చింది మా అవ్వ ఒక్కదానికే, ఆమె పోయింది. పోకముందు నాకు బొగ్గుముక్కతో నేల మీద రాసి అక్షరాలు నేర్పింది. కాబట్టి నేనిక్కడ ఏం రాసినా మావాళ్లు చదవలేరు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

"కాలు తీయి." మా నాయన నాకు నేర్పిన డ్రైవింగ్ మొత్తం ఈ రెండు మాటలే. ఆయన లారీ మనిషి. సొంత లారీ మీద ముప్పై ఏళ్లు చింతపండు, మామిడికాయలు, గ్రానైట్ రాళ్లు తోలాడు. పదిహేడేళ్లకు నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, మలుపు వస్తే ఆక్సిలేటర్ మీద నుంచి కాలు తీయి అన్నాడు. బస్సు ఎదురొస్తే కాలు తీయి. మేక అడ్డమొస్తే కాలు తీయి. భయమేస్తే ముందు కాలు తీయి, తర్వాత ఆలోచించు. పెళ్లయిన రెండో ఏడు మొగుడితో పోట్లాడి పెట్టె పట్టుకుని వచ్చిన రోజు కూడా, "కొంచెం కాలు తీయరాదా పాపా" అన్నాడు. ఆ పెళ్లి సంగతి ఇక్కడ అవసరం లేదు. అయింది, పోయింది.

ఆ కాలపు లారీల్లో ఇంజన్ క్యాబిన్ లోపలే ఉండేది, డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్య, ఒక ఇనప మూత కింద. దాని మీద గోనెసంచి మడిచి వేసి నన్ను కూర్చోబెట్టేవాళ్లు. తొడలు కాలేవి, ఐనా దిగేదాన్ని కాదు. నాకు పదకొండేళ్లప్పుడు ఆ లారీ తొప్పూరు ఘాట్ దిగుతూ బోల్తా పడింది. ఆ రోజు నాకు జ్వరం, నేను లేను. నాయనకు గీత కూడా పడలేదు. పక్క సీటులో ఉన్న అమ్మకు కుడి భుజం విరిగింది. అతుక్కుంది గానీ, ఆ చెయ్యి ఈ రోజుకీ భుజం కన్నా పైకి లేవదు.

బ్రేక్ ఫెయిల్ అయిందన్నాడు నాయన. అమ్మా అదే చెప్పింది. చూడడానికి వచ్చిన చుట్టాలకు నేనూ అదే చెప్పాను. అమ్మ నాకు జడ వేయలేకపోయింది కాబట్టి జుట్టు కత్తిరించేశారు. మళ్లీ పెంచలేదు. తర్వాత హెల్మెట్ పెట్టుకోవడానికి అది పనికొచ్చిందనుకోండి.

ఇక కారు. బైపాస్ రోడ్డు మీద లారీ టైర్ల కొట్టు నడిపేది నేను. తెల్లారి తెరిచేది నేను, జాకీ కింద దూరేది నేను, డ్రైవర్లతో నోరు పారేసుకునేది నేను. బోర్డు మీద పేరు మాత్రం మా అన్నది. ఇల్లు నాయనది. ఈ భూమ్మీద నా పేరున ఉన్నది ఒక్కటే, ఆ కారు. బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండే సీట్లు. ఇంజన్ ముందూ లేదు, చివరా లేదు. సీట్లకూ వెనక చక్రాలకూ మధ్య ఉంటుంది.

ఇంటికి తెచ్చిన రోజు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాక, నాయన ముందు మూత తెరిచాడు. ఖాళీ డబ్బా. "ఇంజన్ ఏది పాపా?" అన్నాడు. వెనక అన్నాను. వెనక మూత తెరిస్తే అక్కడా ఒక చిన్న డబ్బా. రెండు మూతలూ తెరిచి పెట్టి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు వెనకాల చూపించాను. "మా లారీలో పక్కన పెట్టినారు, దీంట్లో వీపుకు కట్టినారు" అని లోపల కూర్చున్నాడు. కూర్చున్నాక లేవలేకపోయాడు. ఆ సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. మా అన్న ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని లాగితే బయటపడ్డాడు. అన్న దులుపుకుంటూ, "ఒక చింతపండు బుట్ట పట్టదు, ఏమి బండి ఇది" అన్నాడు. వాడికి బుట్ట పట్టనిది ఏదైనా దండగే.

కోయంబత్తూరు దగ్గర ఒక రేస్ ట్రాక్ ఉంది. అక్కడ ట్రాక్ డేలు పెడతారు. అది పందెం కాదు. ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, విడతకు ఇరవై నిమిషాలు, ఎదురు బండి రాని రోడ్డు మీద తోలుకోవడమే. మేక లేదు, బస్సు లేదు, తప్పుదారిలో వచ్చే ట్రాక్టర్ లేదు. మొదటిసారి మే నెలలో పోయాను. ఎండకు తారు మెత్తబడి ఉంది. రెండు రౌండ్లకు టైర్లు వేడెక్కి రోడ్డును పట్టుకున్నాయి. తిప్పకముందే తిరిగినట్టు తిరుగుతోంది బండి. ముందు బరువు లేదు కదా, స్టీరింగ్ వేళ్లకు మాట్లాడుతోంది. ఇంజన్ వేడి వీపుకు తగిలింది. గోనెసంచి మీద కూర్చున్న పదకొండేళ్ల పిల్లను అయిపోయాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా లేదు.

నాలుగో రౌండులో, పొడుగాటి కుడి మలుపులో, వేగం ఎక్కువైందని అనిపించింది. కాలు తీశాను. అంతే. వెనక భాగం నన్ను దాటుకుని ముందుకు పోయింది. బండి గిర్రున తిరిగి, వచ్చిన దిక్కుకే మొహం పెట్టి, దుమ్ములో ఆగింది.

అక్కడ నేర్పే అమ్మాయి హోసూరు దగ్గరి పల్లె నుంచి వచ్చింది, ముప్పై కూడా ఉండవు. పరుగెత్తుకుని వచ్చి, దెబ్బ తగల్లేదని చూసి, తమిళంలో, "కాలు తీశారు కదా మేడమ్" అంది. తీస్తారు కదా, భయమేస్తే ఎవరైనా తీస్తారు, అన్నాను. "ఈ బండిలో తీయకూడదు. తల మీద బిందె పెట్టుకుని తిరుగుతున్నారు అనుకోండి. మీరు టక్కున ఆగితే నీళ్లు ఆగుతాయా? బరువంతా మీ వెనకాల ఉంది. మలుపు మధ్యలో కాలు తీస్తే వెనక టైర్ల మీద ఒత్తిడి పోతుంది, ఆ బరువు బయటికి తంతుంది. మలుపుకు ముందే తగ్గించండి. లోపలికి దిగాక కాలు అట్లాగే ఉంచండి." అర్థమైంది. తలకు అర్థమైంది, కాలికి కాలేదు. పాతికేళ్లుగా నాయన నా కాలికి నేర్పింది ఒక్క ఎండాకాలంలో పోతుందా?

పోలేదు. జూలైలో, చినుకుల్లో, అదే మలుపులో అదే కాలు తీశాను. ఈసారి రెండు చుట్లు తిరిగి గడ్డిలోకి పోయింది. ఎవరో ఫోన్లో తీశారు. అది ఎట్లా చేరిందో మా చుట్టాల గ్రూపుకు చేరింది.

ఆ వారమే అన్న ఇంట్లో మనవడికి చెవులు కుట్టే పండగ. భోజనాలయ్యాక అన్న ఆ వీడియోను పెద్ద టీవీలో పెట్టాడు. పాపారపట్టి నుంచి వచ్చిన పెద్దమ్మలు, పాలకోడు నుంచి వచ్చిన మామలు, అందరూ చూశారు. అన్న మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి, "మా చెల్లెలు కారు కొనలా, బొంగరం కొనింది" అన్నాడు. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. ఆమె బాధ నాకు ఆ రోజు తెలిసింది. నాయన కూడా నవ్వాడు. నవ్వి, అందరి ముందూ, "కాలు తీయాల్సింది పాపా" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. తీశాను కాబట్టే తిరిగింది నాయనా అని చెప్పవచ్చు. చెప్పలేదు. కోపంలో నా నోరు నా మాట వినదు. లేచి పూజగదిలోకి పోయి, పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చి, అందరూ చూస్తుండగా అరచేత్తో కొట్టి ఆర్పాను. "ఇంకొక్కసారి ఈ బండి తిరిగిందంటే ఆ పొద్దే అమ్మేస్తా" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. మా ఇంట్లో కర్పూరం ఆర్పి అన్న మాటను వెనక్కి తీసుకోవడం లేదు. మా తాత ఒకసారి అట్లాగే ఆర్పి తమ్ముడి గడప తొక్కనన్నాడు. ఆ తమ్ముడు చనిపోతే వీధిలో నిలబడి ఏడ్చి వచ్చాడు గానీ గడప తొక్కలేదు. అట్లాంటి వంశం మాది. నా పేరున ఉన్న ఒక్క వస్తువును నేనే, ఒక అరచేతి దెబ్బతో, ఒక మలుపుకు తాకట్టు పెట్టాను. చెయ్యి బొబ్బలెక్కింది. నన్ను నేనే తిట్టుకున్నాను, వాళ్లను అంతకన్నా ఎక్కువ తిట్టాను.

అన్న అంతటితో వదల్లేదు. "నువ్వే పోతావు, నువ్వే వచ్చి చెప్తావు. అక్కడ తిరిగిందో లేదో మాకెట్లా తెలిసేది?" అన్నాడు. ఎన్నడైనా అబద్ధమాడానా నేను? వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. ఆలోపలే నాయన, "నేను పోతా. పక్కన కూర్చుంటా. చూసి చెప్తా" అన్నాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, నా మీద సాక్షి.

దీపావళి వచ్చే ఐప్పసి నెల వానల్లో, ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరి, తొప్పూరు ఘాట్ దిగి, సేలం మీదుగా పోయి, కోయంబత్తూరులో రూమ్ తీసుకున్నాం. పొద్దున లేచేసరికి కుండపోత. ట్రాక్ దగ్గర నాయన పంచెతో దిగాడు. పంచె కుదరదు, కాళ్లు కప్పి ఉండాలి అంది ఆ అమ్మాయి. "లారీ అంతా పంచెతోనే తోలినా" అన్నాడు. చివరికి ఎవరో మెకానిక్ నీలం రంగు ఓవరాల్ ఇచ్చారు. జన్మలో మొదటిసారి ప్యాంటు వేసుకున్నాడు. హెల్మెట్ కూడా పెట్టాక, ఆయన కళ్లు మాత్రమే కనిపించాయి. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

ఎండలో మంచి దారి వానలో చెడ్డ దారి. అందరి టైర్లూ రుద్దీ రుద్దీ రబ్బరు అంటిన చోటు తడిస్తే సబ్బులా జారుతుంది. అందుకని వానలో మలుపు బయటి అంచున, ఎవరూ తొక్కని గరుకు తారు మీద పోవాలి. టైర్ల కొట్టు నడిపేదానికి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. గాలి నేనే చూసుకున్నాను. చక్రాలు నేనే తడిమి చూసుకున్నాను. బండిలో లోపం లేదు. లోపమంతా నా కుడి పాదంలో ఉంది, దాన్ని అక్కడ పెట్టిన మనిషి నా పక్కనే బెల్టు కట్టుకుని కూర్చున్నాడు.

మొదటి రౌండు నుంచే మొదలుపెట్టాడు. "మలుపు వస్తా ఉంది, కాలు తీయి." మలుపుకు ముందు తీశాను, అది సరే. లోపలికి దిగాక మళ్లీ, "కాలు తీయి." తీయలేదు. కానీ కాలు వణికింది. వైపర్లు అందుకోలేనంత వాన. రెండో రౌండు, మూడో రౌండు. ప్రతి మలుపులోనూ అదే మాట, చెవిలో జోరీగ మాదిరి. దిగిపో అని అరవాలనిపించింది, కానీ అక్కడ ఆపకూడదు.

నాలుగో రౌండులో ఆ పొడుగాటి కుడి మలుపు. బయటి అంచు పట్టుకుని దిగాను. సగానికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా నీళ్లు పారుతున్నాయి, ముందు రౌండులో లేనివి. వెనక చక్రాలు వాటి మీద ఎక్కగానే నడుము కింద సీటు పక్కకు జరిగినట్టు అనిపించింది. బండి వెనక భాగం మెల్లగా బయటికి పోతోంది. నాయన డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి అరిచాడు. "కాలు తీయి పాపా, కాలు తీయి, చెప్తే వినవా."

"నోరు మూయి నాయనా" అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆయనతో ఆ మాట అనలేదు నేను. కాలు తీయలేదు. నొక్కనూ లేదు. ఎక్కడుందో అక్కడే ఉంచి, చేతులతో స్టీరింగ్ కొంచెం ఎదురు తిప్పి, చూపును మలుపు చివరన పెట్టాను. బండి పక్కకు జారింది, ఇంకా జారింది. వెనకున్న ఆ బరువు ఇటా అటా అని ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగింది. తర్వాత టైర్లు గరుకు తారును పట్టుకున్నాయి. బండి నేరుగా అయింది. మలుపు అయిపోయింది.

మిగతా రౌండ్లలో నాయన నోరు తెరవలేదు. విడత అయ్యాక బండి షెడ్డులో ఆపి దిగిపోయాను. ఆయన దిగలేడని తెలుసు. ఐనా చెయ్యి ఇవ్వకుండా టీ దగ్గరికి పోయాను, అంత కోపంగా ఉంది. బండి తిరగనందుకు సంతోషం కూడా రాలేదు. టీ తాగి వచ్చేసరికి ఆయన హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, చెప్పులు పోగొట్టుకున్న బడిపిల్లవాడిలా కూర్చుని ఉన్నాడు. అప్పుడే నా ఫోన్ మోగింది. అన్న. "తిరిగిందా?" అన్నాడు, హలో కూడా లేదు. ఫోన్ నాయన చేతికి ఇచ్చాను.

"తిరగలే" అన్నాడు నాయన. "నేను కాలు తీయమని అరిచినా. అది తీయలే. తీసింటే తిరిగిండును." ఫోన్ నా చేతికి ఇచ్చేశాడు. ఆయన్ను లాగి బయటికి తీశాను. థాంక్స్ చెప్పాలా? పాతికేళ్లు తప్పు నేర్పి, ఊరందరి ముందూ నవ్వి, ఇప్పుడు ఒక ముక్క చెప్తే సరిపోతుందా? చెప్పలేదు.

మధ్యాహ్నానికే ఇంటికి బయలుదేరాం. సేలం దాటి తొప్పూరు ఘాట్ ఎక్కేసరికి నాలుగైంది. వాన తెరిపి ఇచ్చింది. డివైడర్ అవతల ధర్మపురి వైపు నుంచి లారీలు దిగుతున్నాయి. నాయన కిటికీ ఈ పక్కనుంది, ఆయన మెడ తిప్పి నన్ను దాటి ఆ పక్కకే చూస్తున్నాడు. లారీ పడిన మలుపు అదే. ఎప్పుడు ఇటు వచ్చినా ఆయన అక్కడ కళ్లు మూసుకుంటాడు. ఈసారి మూసుకోలేదు.

"ఆ పొద్దు బ్రేక్ ఫెయిల్ కాలేదు పాపా" అన్నాడు.

నేను రోడ్డు మీద నుంచి చూపు తీయలేదు.

"డీజిల్ మిగుల్తుందని అప్పుడు అందరూ చేసేదే. దిగుడు వస్తానే కాలు తీసి, న్యూట్రల్‌లో వేసి వదిలేసేది. ఇంజన్ పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. నేనే వాటిని కాల్చేసినా, పొగ వచ్చింది. మీ అమ్మ ముందే చెప్పింది. వద్దయ్యా, గేర్లో పెట్టు, వాసన వస్తా ఉంది అని." మెడ తిప్పి ముందున్న రోడ్డు వైపు చూశాడు. "నేను నోరు మూయి అన్నా."

ముప్పై రెండేళ్లు. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ అమ్మ ఆ లేవని చెయ్యి ఒళ్లో పెట్టుకుని "బ్రేక్ ఫెయిల్ అయింది, పావం ఆయన ఏం చేస్తాడు" అని చెప్పిన ముప్పై రెండేళ్లు. నా కళ్ల ముందు రోడ్డు మసకబారింది. ఏడుపు కాదు, కోపం. అరిచాను. ఏం అరిచానో సగం గుర్తులేదు. అమ్మ పప్పు డబ్బా అందుకోలేక స్టూలు ఎక్కిన రోజులు అన్నాను, నా జుట్టు అన్నాను, నిన్ను నమ్మి నేనూ ఆ అబద్ధం చెప్పాను కదా అన్నాను. ఆయన ఈసారి కాలు తీయమని కూడా అనలేదు.

ఇంటి ముందు హారన్ కొట్టాను. అమ్మ ఎడమ చేత్తో గేటు తీసింది. నేను దిగి, నాయన పక్క తలుపు తెరిచి, చెయ్యి ఇవ్వకుండా నిలబడ్డాను.

"తిరగలేదంటనే, పెద్దోడు ఫోన్ చేసినాడు" అంది అమ్మ.

"తిరగలేదు. అమ్మా, ఆ పొద్దు నువ్వు గేర్లో పెట్టమన్నావంట కదా."

అమ్మ మొహంలో ఏమీ మారలేదు. "ఎవరు చెప్పినారు?"

"నాయన. ఇప్పుడే, ఘాట్‌లో."

"నీకు చెప్పినాడా" అంది అమ్మ. "నాకింకా చెప్పలేదే."

నాయన లోపల నుంచి చెయ్యి చాచాడు, లాగమని. నేను రెండడుగులు వెనక్కి వేశాను. "ఆమెకు చెప్పు. చెప్పేదాకా నేను చెయ్యి ఇవ్వను" అన్నాను.

ఆయన తన మోకాళ్లను చూసుకున్నాడు. పక్కింటి ఆవిడ గోడ మీద నుంచి తొంగి చూసి లోపలికి పోయింది. తర్వాత తల ఎత్తి, నా వైపు కాదు, అమ్మ వైపు చూసి, "నువ్వు చెప్పినావు. నేను వినలే. తప్పు నాదే" అన్నాడు.

నాకైతే కోపం పోలేదు, ఇది రాస్తున్న ఈ రోజుకీ పోలేదు. అమ్మ కారు దగ్గరికి వచ్చి చెయ్యి ఇచ్చింది. ఎడమ చెయ్యి కాదు, కుడి చెయ్యి. భుజం పైకి లేవని చెయ్యే. ఆ సీటు అంత కిందికి ఉంది కాబట్టి, ఆ చెయ్యి అందింది.